రెండో కోటు ఆరేలోపు

ముట్టుకోకు, గంటసేపు ఏ గోడనీ ముట్టుకోకు, ఆరనీ అని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ వెళ్ళారు ఆయన, నేనేదో పాలుతాగే పిల్లనైనట్టు, అయినా వద్దన్న పనికే కదా చేతులు దురద పెట్టేది. హాలు మధ్యలో బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాను. కిటికీలన్నీ తెరిచినా రంగు వాసన గొంతులోనే కూర్చుంది. ఆయన బస్టాండుకి వెళ్ళారు, పిల్లని తీసుకురావడానికి. పిల్లంటే ఆయన మొదటి భార్య కూతురు, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, వాళ్ళమ్మ పోయాక వెళ్ళిన మనిషి మళ్ళీ ఈ గడప తొక్కలేదు, మా పెళ్ళికీ రాలేదు, ఇదిగో ఇవాళ వస్తోంది. వచ్చి నన్నేమని పిలుస్తుంది? నిన్నటి నుంచీ, నిన్నటి నుంచేమిటిలే, పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకిదే గోల. ఫోన్లో మాట్లాడుతుంది, బాగున్నారా అంటుంది, భోంచేశారా అంటుంది, నాన్నకివ్వండి అంటుంది, పిన్నీ అనదు, ఆంటీ అనదు, ఏవండీ అని కూడా అనదు, పిలుపు రావలసిన చోట చిన్న ఖాళీ వదిలేస్తుంది, నాకు ఆ ఖాళీయే పెద్దగా వినిపిస్తుంది. నలభై దాటాక పెళ్ళి చేసుకున్నదాన్ని. సగం జీవితం కర్టెన్ల కొట్లో కుట్టుమిషను ముందే అయిపోయింది, కొట్లో అందరికీ టైలరక్కని, మా అన్నయ్య పిల్లలకి మేనత్తని, అమ్మా అని కూరలమ్మేవాళ్ళూ ముష్టివాళ్ళూ తప్ప ఇంకెవరూ పిలిచింది లేదు, నవ్వులాటకి అనడం లేదు, నిజం. ఆశ పెద్దదేం కాదు, ఏదో ఒకటి పిలిస్తే చాలు, పిలిచి నా మొహంలోకి చూస్తే చాలు. ఈ ఇల్లు కొత్తగా ఉంది, ఇది ఈవిడ ఇల్లు, ఇక్కడికి రావచ్చు అని ఆ పిల్లకి అనిపించాలి. అందుకే ఈ రంగులు, అందుకే ఈ పాట్లు.

నేను కాపురానికి వచ్చేసరికి ఇల్లంతా తెలుపు. పాతిల్లు కదా, తలుపులు వానాకాలం ఉబ్బి మూసుకోవు, ఎండాకాలం మూస్తే నిలబడవు, కిటికీ దగ్గర గచ్చు కుంగింది, వంటింట్లో బీరువా తలుపుల పిడులు పోయి చిల్లులు మిగిలాయి, ఇన్ని రోగాల మీదా నేల నుంచి కప్పు దాకా ఒకటే తెలుపు, ఆస్పత్రి తెలుపు. ఆవిడ పోయిన నెల తిరక్కుండానే ఆయన వేసేశారట, ఫొటోలూ బట్టలూ కర్టెన్లూ అన్నీ తీసేశారట, ఎందుకండీ అంటే, ఎందుకులే పాతవి, అన్నారు. ఆవిడ మొహం ఎలా ఉంటుందో నాకిప్పటికీ తెలియదు. పిల్ల అప్పుడే అలిగి వెళ్ళిపోయింది, ఇంటికొచ్చి ఏం చూడను, సున్నమా, అందట. అదీ ఆయనే చెప్పారు, టీ గ్లాసులోకి చూస్తూ చెప్పారు. మంచి మనిషి, నిజంగానే మంచి మనిషి, గొంతు పెంచగా నేను వినలేదు, దేనికైనా నీ ఇష్టం అంటారు. ఇంటిని కాస్త మారుద్దామండీ అంటే నీ ఇష్టం, మనకున్నంతలో, అన్నారు. ఉన్నంతలో అంటే తెలిసిందేగా, గోడలు పడగొట్టి కట్టడం కాదు, పైపైన చేసుకోగలిగిందే, ముసలావిడకి కొత్త చీర కట్టినట్టు. ఆయన పని పెయింట్ల షాపులో, రంగులు కలిపే మిషను దగ్గర. గోరంత పెచ్చు పట్టుకెళ్ళి చూపిస్తే చాలు, దానికి అతికినట్టు కలిపిచ్చేస్తారు. ఆ షాపులో రిటన్ డబ్బాలని ఉంటాయి, ఇది మేమడిగిన రంగు కాదని జనం వెనక్కిచ్చినవి, అడ్డికి పావుసేరు లెక్కన వస్తాయి. అలాంటివి అయిదు తెచ్చి వరండాలో వరసగా పెట్టారు. లోపల ఏ రంగుందో తెలియడానికి వాళ్ళు మూత మీద ఒక చుక్క వేస్తారు. ఒక మూత మీద బూడిద చుక్క, ఒకదాని మీద ఆకుపచ్చ, ఒకటి నీలం, ఒకటి గంధం, అయిదోది ఇదీ, జామపండు కోస్తే లోపల కనిపించే రంగు, కాకపోతే రవ్వంత బూడిద కలిపినట్టు. నీ ఇష్టం, నీకేది నచ్చితే అదే తెరుద్దాం, ఒకటి హాలుకి సరిపోతుంది, మిగతావి తిప్పిచ్చేస్తా, అన్నారు. నేను చాలాసేపు చూశాను. ఆకుపచ్చ మీద చెయ్యి వేసి కూడా తీసేశాను. జామపండు రంగే నచ్చింది, నాకే నచ్చింది, ఆయన నోరెత్తనేలేదు, మూత లేపడానికి స్క్రూడ్రైవరు తెచ్చిచ్చారు, అంతే.

ఇక అక్కడి నుంచి పట్టిందల్లా బంగారం. పాత ఇనప సామాన్ల కొట్లో బుట్టెడు పిడుల్లో చెయ్యి పెట్టి ఏరాను, సన్న ఆకు నగిషీ ఉన్న ఇత్తడివి, ఇంటికి తెచ్చి పెడితే స్క్రూలు రెండూ పాత చిల్లుల్లోకి వెన్నలోకి దిగినట్టు దిగిపోయాయి, కొత్త చిల్లు ఒక్కటీ వెయ్యలేదు, వడ్రంగిని పిలిచే పని తప్పింది, మన టైము బాగుందండీ అని చప్పట్లు కొట్టాను కూడా. కర్టెన్లు మా కొట్లో మిగిలిపోయిన గుడ్డతో కుట్టాను, ఆవపిండి రంగు మీద చారలు. చెయ్యి తిరిగినదాన్ని, కొలత తప్పనిదాన్ని, నాలుగు వేళ్ళు ఎక్కువ కత్తిరించాను, తిట్టుకుంటూ తీసుకొచ్చి వేలాడదీస్తే, గచ్చు కుంగింది కదా అక్కడ, అంచు సరిగ్గా నేలని తాకీ తాకనట్టు నిలబడింది. సోఫాకి కొత్త తొడుగు వేసి ఈ గోడకీ ఆ గోడకీ ఈడ్చి ఈడ్చి నడుము విరిగాక కిటికీ వైపు పెట్టాను, కదలకుండా కూర్చుంది, నాలుగు కాళ్ళూ గచ్చులో నాలుగు గుంటల్లో ఒదిగిపోయాయి. అన్నీ కలిసొస్తున్నాయనుకున్నాను. కలిసి రావడమంటే ఏమిటో ఎవరాలోచిస్తారు. పొద్దున మేడమీదావిడ నిచ్చెన కోసం వచ్చింది, వాళ్ళు ఈ వీధిలో పాతకాపులు, గుమ్మంలో నిలబడి లోపలికి చూసి, మనిషి రంగు మారింది.

“అచ్చం...” అని ఆగిపోయింది.

“అచ్చం ఏంటండీ?”

“అచ్చం కొత్తింటిలా ఉందండీ” అని, వచ్చిన పని మర్చిపోయి, నిచ్చెన తీసుకోకుండానే పైకి వెళ్ళిపోయింది.

ఆ నిచ్చెన ఇప్పటికీ గోడకి తగలకుండా వరండాలో అడ్డంగా పడుంది. ఎందుకు వెళ్ళిపోయిందబ్బా అనుకుంటూనే కూర్చున్నాను, కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, టేపు గుర్తొచ్చింది. స్విచ్చు బోర్డు చుట్టూ అంటించిన టేపుని రంగు పూర్తిగా ఆరకముందే లాగెయ్యాలి, ఆరాక లాగితే పెచ్చులతో ఊడొస్తుంది, ఇది ఆయన చెప్పిన మాటే, గోడ ముట్టుకోవద్దన్నారు గానీ టేపు ముట్టుకోవద్దనలేదుగా. లేచి మెల్లగా లాగాను. శుభ్రంగా వచ్చింది. బోర్డు అంచు మీద ఒక చుక్క కారి ఉంది, తుడిస్తే పోలేదు, మెయిను ఆపేసి స్క్రూలు వదులు చేసి బోర్డుని కొంచెం ముందుకి లాగాను, వెనక తుడుద్దామని. బోర్డు వెనక గోడ కనిపించింది. అక్కడిదాకా నా రంగు పాకిందే అనుకున్నాను మొదట. వేలు పెడితే అంటలేదు. పొడిగా ఉంది. దుమ్ము అంటింది, ఎండిపోయిన సాలెగూడు అంటింది. అది ఇప్పటి రంగు కాదు. ఆయన తెల్లరంగు వేసినప్పుడు బోర్డు విప్పలేదు, చుట్టూ వేసుకుంటూ పోయారు, ఆ బోర్డు కింద చదరం మాత్రం వెనకటిది వెనకటిలాగే ఉండిపోయింది. చుట్టూ దారంలా సన్నని తెల్లగీత, గీతకి ఈ పక్క నేను ఇవాళ వేసిన రంగు, ఆ పక్క ఎప్పుడో వేసిన రంగు, మధ్యలో ఆ గీతే లేకపోతే ఎక్కడ ఏది మొదలయిందో చెప్పడం దేవుడి వల్ల కూడా కాదు.

జామపండు రంగు, రవ్వంత బూడిద. కళ్ళు నులుముకున్నాను, వాసనకి తల తిరుగుతోందేమో అనుకున్నాను, తడి రంగు వేరు ఆరిన రంగు వేరు అని సర్దిచెప్పుకున్నాను, కిటికీ పక్కన ముందే ఆరిన చోటికి వెళ్ళి చూసి వచ్చాను, మళ్ళీ చూశాను. అదే. సరే, ఆవిడకీ ఆ రంగే నచ్చి ఉంటుంది, లోకంలో ఆడవాళ్ళకి నచ్చే రంగులు ఎన్నుంటాయి గనక, ఇద్దరికీ ఒకే మనిషి నచ్చలేదూ, అని నాలో నేనే నవ్వాను గానీ నవ్వు ఖాళీ హాల్లో ఎవరిదో అయినట్టు వినిపించి నోరు మూసుకున్నాను. పిడులు. స్క్రూలు పాత చిల్లుల్లోకి దిగిపోయాయి. ఆ కొట్టుకి వెళ్ళమన్నది ఎవరు, ఆయనే, ఆ మూల బుట్టలో చూడు అన్నది ఎవరు, ఆయనే, ఈ ఇంట్లోంచి తీసేసిన సామాను ఎక్కడ అమ్ముంటారు, ఆ కొట్లోనే. అంటే నేను కొన్నది... చాల్లే, ఆపు. ఆకు నగిషీ నేనే ఏరుకున్నాను కదా, బుట్టలో ఇంకా బోలెడు ఉన్నాయి కదా. సోఫా కాళ్ళ కింద గుంటలు. గచ్చుకి అలా గుంటలు ఊరికే పడతాయా, ఏళ్ళకేళ్ళు ఒకే చోట బరువుంటే తప్ప. మొన్న అద్దం పెట్టుకుందామని గోడకి మేకు కొడితే ఒక్క దెబ్బకే మొత్తం దిగిపోయింది, గోడ మింగేసింది, మెత్తటి లప్పం, ఎవరో పూడ్చిన చిల్లు, ఆ చోటు మాత్రం ఎవరూ చూపించలేదు, నా మొహం ఎత్తుకి నేనే చూసుకుని కొట్టాను. అంటే ఆవిడా నా ఎత్తేనా. కర్టెన్ల పొడుగు నాలుగు వేళ్ళు తప్పింది నా చెయ్యే, అప్పుడు పక్కన ఆయనా లేరు, కొట్లో ఉన్నాను, కత్తెర నా చేతిలో ఉంది. మా దగ్గరికి కర్టెన్లకే కాదు, ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించుకునేవాళ్ళూ వస్తారు, కొలతలేం చెప్పరు, ఇదిగో దీనిలాగే అంటారు, మేం పాతదాన్ని బల్ల మీద పరిచి దాని మీదే కొత్త గుడ్డ పెట్టి గీత గీస్తాం, ఆ పాతది ఎవరిది, వేసుకున్న మనిషి ఉందా పోయిందా, ఎవరికి కావాలి. నన్నెవరో బల్ల మీద పరిచినట్టయింది. అద్దంలోకి చూశాను. జుట్టు పక్కపాపిడి తీసి ఉంది. నాకు పక్కపాపిడి ఎప్పటి నుంచి? అలా బాగుంటుంది అని ఆయన ఎప్పుడో ఒక్కసారి అన్నారు, నవ్వుతూ, మళ్ళీ అనలేదు, అనే అవసరం రాలేదు.

భయమేసింది. పట్టపగలు, ఎదురింట్లో రేడియో మోగుతుండగా, గోడలకి భయపడ్డాను. ఏదో ఒకటి నాదంటూ చెయ్యాలి, ఇప్పుడే, వాళ్ళు వచ్చేలోపే. ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ డబ్బా వరండాలోనే ఉంది కదా, తెరిచి, ఒక గోడకి, పోనీ హాలు గోడలో గూడుంది కదా, అందులో మాత్రం వేస్తాను, జామపండు రంగులో ఆకుపచ్చ గూడు, ఎబ్బెట్టుగా ఉంటే ఉండనీ, నా పిచ్చి నాకానందం. వరండాలోకి వెళ్ళి గొంతుక్కూర్చుని స్క్రూడ్రైవరు మూత కింద దూర్చి ఎత్తాను. మూత మీద చుక్క ఆకుపచ్చే. లోపల జామపండు రంగు. తేట కిందికి మీదికి అయిందేమో అని కర్ర పెట్టి కలిపాను, అడుగు దాకా అదే. ఇదేమిటి, చుక్క తప్పు వేశారా, పాపం కలిపేవాళ్ళూ మనుషులేగా, అనుకుంటూనే చెయ్యి నీలం డబ్బా మీదికి వెళ్ళింది. జామపండు. గంధం చుక్క డబ్బా తెరిచాను. జామపండు. బూడిద చుక్కది తెరవడానికి చేతులు రాలేదు, అయినా తెరిచాను. నాలుగు డబ్బాలు నోళ్ళు తెరుచుకుని వరసగా కూర్చున్నాయి. ఏది పట్టుకున్నా ఇదే వచ్చేది. ఆకుపచ్చ కావాలని నేనా రోజు మొండికేసి ఉంటే, తెరిచి, అరెరె, చుక్క తప్పు పడ్డట్టుందే, పోనీలే ఇదీ బాగానే ఉందిగా, అని ఉండేవారు, నేనూ సరే పోనీలెండి అని ఉండేదాన్ని, నాకు తెలుసు నా సంగతి. నీ ఇష్టం, నీ ఇష్టం, నీ ఇష్టం.

పైట కొంగుతో మొహం తుడుచుకుని లోపలికొచ్చి మళ్ళీ బకెట్టు మీద కూలబడ్డాను. ఎందుకో తెలుసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. సున్నం చూడ్డానికి రానంది పిల్ల. సున్నం పోతే వస్తుంది. వాళ్ళమ్మ ఉన్నప్పటి ఇంటిలాంటిదైతే కాదు, ఆ ఇల్లే అయితే వస్తుంది. దుఃఖంలో చేతులారా చెరిపేసుకున్న ఇంటిని ఆ మనిషి గోరంత పెచ్చు పట్టుకుని, ఎవరూ లేనప్పుడు మిషను దగ్గర నిలబడి, చుక్క చుక్కా కలుపుకుని వెనక్కి తెచ్చుకున్నాడు. జాలేసింది. ఆ జాలి మీద కోపమొచ్చింది. చెప్పొచ్చుగా, ఇదీ సంగతి, పిల్ల కోసం చేద్దాం అని ఒక్క మాట అంటే నేను కాదంటానా, నేనే వేసేదాన్ని కదా. వేసేదాన్నా? ఏమో. వేసేదాన్ని కాదు, నిజం చెప్పాలంటే. ఇంకొకరి ఇంట్లో ఇంకొకరి రంగు నా చేత్తో ఎందుకు వేస్తాను, నాకేం ఖర్మ. ఆ సంగతి ఆయనకీ తెలుసు గనకే చెప్పలేదు. గోడలు, కర్టెన్లు, పిడులు, సోఫా, అద్దం, అన్నీ అయ్యాయి, ఇంక లేనిదల్లా ఒక్కటే, వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చే మనిషి, దానికీ ఒకదాన్ని తెచ్చుకున్నాడు, రిటన్ డబ్బాలాగే కారుచౌకగా. ఈ మాట అనుకున్నాక ఇంక కూర్చోలేకపోయాను. లప్పం గీకే రేకు బల్ల మీద ఉంది, తీసుకుని, సోఫా పైన, గుమ్మంలోంచి రాగానే కళ్ళబడే చోట, అదిమిపెట్టి గీకాను. తడి రంగు మీగడలా ముడుచుకుని వచ్చింది. కింద తెలుపు. ఇంకా గీకాను. తెలుపు పొడిపొడిగా రాలి కింద మళ్ళీ అదే రంగు, అరచెయ్యంత, పాతగా, పొడిగా, ఇక్కడే ఉన్నానన్నట్టు. ఉండనీ. ఇద్దరూ చూడాలి. చూశాక అడుగుతాను, నా ఇష్టం ఏదండీ ఇందులో, అని. ఆయన్ని అడుగుతాను. ఆ పిల్ల వినేలా అడుగుతాను. అమ్మాయ్, నేను మీ అమ్మని కాను, కావాలని రాలేదు, నాకో మొహం ఉంది, చూసి ఏదో ఒకటి పిలువు, అంటాను. మిషను నాది, కత్తెర నాది, మా కొట్టు వెనక గది ఇప్పటికీ ఖాళీగానే ఉంది, పట్టుకుని వెళ్ళిపోతాను. వాక్యాలు ఒకదాని వెనక ఒకటి పేర్చుకున్నాను, నోట్లో తిప్పుకున్నాను, ఒక్కటీ తడబడకూడదు.

గేటు చప్పుడైంది. పిల్ల ముందు, వెనక రెండు చేతుల్లో సంచులతో ఆయన. పిల్ల చెప్పులు విడిచి గడప దగ్గరే ఆగిపోయింది. బక్కపలచగా, ప్రయాణంలో నలిగిన బట్టలతో, నేననుకున్నదానికన్నా చిన్నపిల్లలా ఉంది. నన్ను చూడలేదు. గోడలు చూసింది, కర్టెన్లు చూసింది, నేలని తాకీ తాకని వాటి అంచు చూసింది, పెదవులు వణికాయి. ఆయనా నన్ను చూడలేదు, ఆ పిల్ల మొహంలోకే చూస్తున్నారు, పరీక్ష రాసినవాడు కాగితం దిద్దేవాళ్ళని చూసినట్టు. రేకు నా చేతిలోనే ఉంది. మొదటి వాక్యం నాలుక మీదికి వచ్చింది. పిల్ల నిద్రలో నడిచే మనిషిలా లోపలికొచ్చి, భుజం మీది సంచి తీసి చూడకుండానే సోఫా మూలకి విసిరేసింది, రోజూ కాలేజీ నుంచి వచ్చి విసిరేసినట్టు, అప్పుడు తలెత్తి గోడ మీది గాయాన్ని చూసింది.

“అమ్మా, అక్కడ పెచ్చు లేచింది చూడు” అంది.

చూడండి అనలేదు. చూడు అంది. అనేశాక ముగ్గురం విన్నాం దాన్ని. పిల్ల కళ్ళు గోడ మీంచి మెల్లగా నా మొహం మీదికి వచ్చాయి, మొట్టమొదటిసారి, వాటి నిండా భయం, నేను కాదంటానేమోనని. ఆ పిలుపు నాది కాదు, నాకు బాగా తెలుసు, నా మీదుగా వెళ్ళి వెనక ఇంకెవరికో తగలవలసింది. ఒక్క మాట అంటే చాలు. పేర్చుకున్న వాక్యాలన్నీ అలాగే ఉన్నాయి, ఒక్కటీ మర్చిపోలేదు.

“చూశాలేమ్మా. నువ్వెళ్ళి కాళ్ళు కడుక్కో, నేను సర్దేస్తా” అన్నాను.

మెత్తగా, కొంచెం సాగదీస్తూ వచ్చింది ఆ మాట, నా గొంతులో అలాంటి మెత్తదనం ఉందని నాకెప్పుడూ తెలియదు. ఆయన చేతుల్లోంచి సంచులు రెండూ జారి గచ్చు మీద పడ్డాయి. అప్పుడు చూశారు నా వంక, మొహంలో నెత్తురు చుక్క లేకుండా చూశారు. అలా పలకమని ఆయన నాకు నేర్పలేదు. పిల్ల మాత్రం కళ్ళు తుడుచుకుని, చిన్నగా తలూపి, లైటు వెయ్యకుండానే, ఏ తలుపుకీ తగలకుండా చీకటి వంటింట్లోకి నడిచి వెళ్ళిపోయింది, పిడి పట్టుకుని బీరువా తెరిచిన చప్పుడు, గ్లాసు తీసిన చప్పుడు. నేను రేకు బల్ల మీద పెట్టేశాను. సోఫా ఎక్కి, బ్రష్షు ముంచి, గీకిన చోట మీద ఒకసారి, ఆరేదాకా ఆగకుండా దాని మీదే మళ్ళీ ఒకసారి పూశాను, అంచులు కలిసిపోయేలా బయటికి లాగి లాగి పూశాను. ఆయన కింద నిలబడి డబ్బా పట్టుకున్నారు. వంటింట్లోంచి పిల్ల మళ్ళీ పిలిచింది. ఎవరినని అడగలేదు, పలికాను.